రెండు గట్ల బావి

కురుమయ్య బావిలో ఉన్నంతసేపు మణెమ్మ కూర్చోదు. ముప్పై ఆరేళ్ల కాపురంలో ఒక్కనాడైనా కూర్చుంటే ఒట్టు. పాలమూరు జిల్లాలో ఆ మొగుడూ పెళ్లాలు తవ్విన బావులకు లెక్క లేదు గానీ, ప్రతి బావి గట్టు మీదా ఆవిడ రెండు కాళ్ల మీద నిలబడే ఉంది. కింద మనిషి ఉంటే పైమనిషి గట్టు విడవకూడదు, కూర్చోకూడదు, నోట్లో ముద్ద పెట్టకూడదు. కాసేపటికోసారి "ఓ" అని పిలవాలి. కిందివాడు "ఆ" అని పలకాలి. దీన్ని వాళ్లలో గట్టుకాపు అంటారు. పలుకు రాకపోతే ఇక ఆలోచించేది లేదు, తాడు లాగడమే.

ఇప్పుడు ఆ గట్టు భూమ్మీద లేదు. అంతకు మించి మారిందేమీ లేదు.

ఇరవై కిలోమీటర్ల అడ్డం ఉన్న రాతి ముద్ద అది. సూర్యుడి చుట్టూ ఎక్కడో దూరాన తిరుగుతుంటుంది. శాస్త్రజ్ఞులు దానికో అంకె తగిలించారు. పాలమూరు ముఠా మాత్రం దిగిన రోజే 'గుండు' అని పేరు పెట్టేసింది, ఆ పేరే నిలిచింది. గుండుకు ఒక కొసన ఎండ, ఇళ్లు, గాజు కప్పుల కింద జొన్న మళ్లు. రెండో కొసన ఎన్నడూ ఎండ తగలని లోయలో మంచు. ఆ మంచు కరిగిస్తేనే తాగడానికి నీళ్లు, పీల్చడానికి గాలి. చుట్టూ తిప్పి బండ్ల మీద తేవాలంటే తెచ్చిన మంచు కన్నా కాల్చిన ఇంధనం ఎక్కువయ్యేది. అందుకని ఈ కొస నుంచి ఆ కొసకు, గుండు నడిబొడ్డు గుండా, తిన్నగా ఒక సొరంగం వేశారు. యంత్రాలు తొలిచాయి, పాలమూరోళ్లు చెక్కారు. ఏడేళ్లు పట్టింది. పనయ్యాక లోపలి గాలంతా తోడేశారు.

ఒక కొస ఎండ గట్టు, ఇంకో కొస మంచు గట్టు. మధ్యలో తిరిగే పెట్టె పేరు బొక్కెన. దానికి ఇంజను లేదు. ఈ గట్టున వదిలితే తనంతట తానే పడుతుంది. నడిబొడ్డు దాకా జోరు పెంచుకుంటూ పోతుంది, అక్కడి నుంచి తగ్గించుకుంటూ పోయి అవతలి గట్టున ఆగుతుంది. ఆగిన క్షణాన కొక్కెం పట్టుకోవాలి. పట్టుకోలేదా, వచ్చిన దారినే మళ్లీ వెనక్కి పడుతుంది.

దీన్ని కనిపెట్టింది తెనాలి నుంచి వచ్చిన ఇంజనీరు కస్తూరి. మొదటి మంచు బొక్కెన వదిలిన రోజు మణెమ్మ ఆమెను పట్టుకుని అడిగింది.

"నడిమిట్ల ఆగిపోదా బిడ్డా? బావికి అదే గదా అడుగు?"

"అడుగే పెద్దమ్మా. కానీ అక్కడికి చేరేసరికి దానికి ఎక్కడ లేని వేగం వచ్చేస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ వేగం అక్కడే. ఆగమన్నా ఆగదు."

"మరి గట్టు కాడ?"

"గట్టు దగ్గర సున్నా. ఉయ్యాల చివర ఒక్క క్షణం నిలబడుతుంది చూడండి, అలాగ."

"ఊపు పొట్టిదైతే దబ్బున పోయొస్తదా?"

కస్తూరి ఆగి, ఆవిడ వంక కొత్తగా చూసింది. "త్వరగా రాదు. అదే విచిత్రం. పొట్టి ఊపైనా పొడుగు ఊపైనా ఆ కొసకు చేరడానికి అరవై మూడు నిమిషాలే. ఊపు పొట్టిదైతే మధ్యలో వేగం తగ్గుతుంది, అంతే."

మణెమ్మకు లెక్క అర్థమైందో లేదో గానీ మాట గుర్తుండిపోయింది.

నలభై సార్లు మంచు ఏ ఇబ్బందీ లేకుండా వచ్చింది. నలభై ఒకటోసారి మనిషి ఎక్కాల్సి వచ్చింది. మంచు గట్టు కొక్కేనికి పళ్లు అరిగాయి, పూర్తిగా పోకముందే మార్చాలి. బండి మీద చుట్టూ తిరిగి వెళ్తే రెండు రోజులు. బొక్కెనలో వెళ్తే గంట. "నేను పోత," అన్నాడు కురుమయ్య, ఇంకొకరు నోరు తెరవకముందే. ముఠాకు మేస్త్రి ఆయనే మరి.

ఆ పొద్దున మణెమ్మ ఆయనకు గాలి అంగీ తొడిగి మెడపట్టీ బిగిస్తోంది. మునివేళ్ల మీద లేచినా వెనక గుండీ అందలేదు.

"నీ పొట్టి చేతులకు ఏదీ అందదే," అన్నాడు కురుమయ్య. "పెండ్లినాడు దండ ఏస్తందుకే నన్ను వంగమంటివి."

"వంగు మరి. లేకుంటే మెడకాడ బొక్కతోనే పోతవా?"

ఆయన వంగాడు. ఆవిడ గుండీ పెట్టి, కుడి భుజం మీద అరచెయ్యి ఒక్కసారి ఆనించి తీసింది. ఆ భుజం సంగతి గుండు మీదున్న నూటపాతిక మందిలో ఇద్దరికే తెలుసు.

"జొన్నరొట్టె, పండుమిరప తొక్కు కట్టిన. పోయినంక తిను. నడిమిట్ల తినకు."

"నడిమిట్ల తినేదేంది, దీపాలు సూడాలె గదా," అని కన్ను గీటి బొక్కెనలో కూర్చున్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషికి ఆ సంబరం ఏమిటో. కస్తూరి మీట నొక్కింది. కొక్కెం వదిలింది. గుండు మీద ఏదీ గబుక్కున పడదు. బొక్కెన కూడా వెళ్లాలా వద్దా అన్నట్టు నెమ్మదిగా చీకట్లోకి జారింది.

"ఓ," అంది మణెమ్మ మాటల గొట్టంలో.

"ఆ," అన్నాడు కురుమయ్య.

పది నిమిషాలకు ఆయన గొంతు మారింది. "ఇంజనీరమ్మా, ఏందో గీకుతున్న సప్పుడైతుంది."

కస్తూరి తెర వైపు చూసింది. బొక్కెన వేగం చూపించే అంకె ఆరిపోయి ఉంది. పట్టాల మీద జారే నాలుగు బిళ్లల్లో ఒకటి విరిగింది. వేగం కొలిచేది ఆ బిళ్లే. విరిగిన ముక్క పోతూ పోతూ పట్టా పక్కనున్న తీగల్నీ తెంపింది, గట్టు అందడానికి కాస్త తక్కువైతే బొక్కెనను నెట్టే చిన్న గ్యాసు గొట్టాన్నీ పగలగొట్టింది. మాటల గొట్టం రేడియోది, దానికి తీగతో పనిలేదు గనక మాట ఒక్కటే మిగిలింది.

"ఆపరాదా?" అన్నాడు బీచుపల్లి. కురుమయ్య తమ్ముడు అతను. తాళ్ల యంత్రం తిప్పేది అతనే.

"ఆపితే సొరంగం మధ్యలో ఇరుక్కుపోతారు. అక్కడికి మనకు తాడు లేదు." కస్తూరి గడియారం వైపు చూసింది. "రాపిడి కొద్దిగానే ఉంటే అవతలి గట్టు అందుకుంటారు. చూద్దాం."

మణెమ్మ "ఓ" మానలేదు. అరవై మూడో నిమిషాన కొక్కెం పట్టిందని తెర మీద మంచు గట్టు దీపం వెలగాలి. వెలగలేదు.

"గట్టు కానొస్తలే," అన్నాడు కురుమయ్య. "దుమ్మే దుమ్ము. నిలబడ్డట్టుంది... మణెమ్మా, ఎనక్కి పడుతున్న."

ముందు కస్తూరే తేరుకుంది. బొక్కెనలో, అంగీలో కలిపి గాలి మూడు గంటలకు నింపారు. గంట అయిపోయింది. ఇప్పుడు వెనక్కి పడిన బొక్కెన ఇంకో గంటకు ఎండ గట్టు వైపు వస్తుంది. కానీ గట్టు దాకా రాదు, ఎంతో కొంత కిందనే ఆగి మళ్లీ వెళ్లిపోతుంది. ఇటు వైపు ఇంకోసారి రావాలంటే రెండు గంటల పైనే. అప్పటికి లోపల గాలి ఉండదు. ఉన్నది ఒకటే అవకాశం.

"మన దగ్గర రెండు కిలోమీటర్ల తాడుంది," అంది కస్తూరి. "ఎక్కడ ఆగుతుందో తెలిస్తే, అక్కడ మనిషి ముందే వేలాడుతూ ఉండి, నిలబడ్డ క్షణాన కొక్కెం తగిలించొచ్చు. ఓ వంద మీటర్లు అటూ ఇటూ అయితే తాడు సర్దుకోవచ్చు. వెయ్యి మీటర్లు తప్పితే..." అని ఆగిపోయింది.

"దూరం కొలిచే లైటు ఉంది గదా?" అన్నాడు బీచుపల్లి.

"దుమ్ము అడ్డం. విరిగిన బిళ్ల రేపిన దుమ్ము కూడా బొక్కెనలాగే ఈ కొసకూ ఆ కొసకూ ఊగుతోంది. రెండు గట్ల దగ్గరా నెమ్మదించి పేరుకుంటోంది. మధ్యలో ఒక్కచోటే నిలవదు, దానికీ అక్కడే వేగం ఎక్కువ కదా." ఆ మాటతో ఆమె కళ్లు మెరిశాయి. "మధ్యలో ఆయన ఎంత వేగంతో వెళ్తున్నారో తెలిస్తే చాలు! దాన్నిబట్టి ఎంత పైకి లేస్తారో చెప్పేయొచ్చు. కానీ అక్కడ వేగం చూడటానికి ఏం గుర్తుంది? ఉన్న తీగలన్నీ తెగిపోయాయి."

బీచుపల్లి వదిన వైపు చూశాడు. వదిన నేల వైపు చూసింది.

"గూళ్లున్నయి," అంది.

అది ఇంజనీర్ల పటాల్లో లేని సంగతి. పాలమూరోళ్లు ఏ బావి తవ్వినా నీళ్లు పడినచోట గోడలో చిన్న గూడు చెక్కి దీపం పెడతారు. ఈ బావిలో నీళ్లు పడవు. కానీ ఆ గట్టు నుంచి వచ్చే ముఠా, ఈ గట్టు నుంచి వెళ్లే ముఠా మధ్యలో కలిశాయి. అదీ నీళ్లు పడినంత పనే కదా. కలవడానికి ముందు, మధ్యలో ఇంకొంత రాయి మిగిలి ఉండగా, ఎవరు ఎక్కడిదాకా వచ్చారో అక్కడ వాళ్లొక గూడు, వీళ్లొక గూడు చెక్కుకున్నారు. తనంతట తానే ఏళ్ల తరబడి వెలిగే బిళ్లదీపాలు చెరొకటి పెట్టారు. పై వాళ్లకు చెప్తే ఒప్పుకోరని చెప్పలేదు.

"ఆ రెండు గూళ్ల మధ్య ఎంత దూరం?" కస్తూరి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"నూరు బారలు. ముఠా పుస్తకంల రాసుంది."

"బారలా?"

"రెండు చేతులు సాపితే ఈ కొస నుంచి ఆ కొసకు ఒక బార. మేం తాడు కొలిచేది గట్లనే."

కస్తూరి మాటల గొట్టం దగ్గరికి పరుగెత్తింది. "బాబాయ్ గారూ, వినిపిస్తోందా? ఇంకో పాతిక నిమిషాల్లో మీ గూటి దీపాలు వస్తాయి. మొదటి దీపం కిటికీ దాటగానే గడియారం నొక్కండి. రెండోది దాటగానే మళ్లీ నొక్కండి. తప్పితే మళ్లీ దొరకదు."

"గూళ్ల సంగతి చెప్పేసిండ్రా?" అన్నాడు కురుమయ్య. ప్రాణం మీదికి వచ్చినా ఆ మనిషికి దొరికిపోయిన సిగ్గే ముందు.

ఆ పాతిక నిమిషాలు మణెమ్మ గాలి అంగీ తొడుక్కోవడంలో గడిచాయి. "నేను దిగుత వదినె," అని బీచుపల్లి అన్నాడు.

"యంత్రం ఎవలు తిప్పుతరు? నాకు రాదు, బిడ్డకు రాదు. దిగుడు నాకొస్తది." అక్కడితో ఆ మాట ముగిసింది.

"ఓ," అంది గొట్టంలో.

"ఆ. ఎదుర్ల చీకటే... ఆగు ఆగు. వచ్చింది! ఒకటో దీపం!" గొట్టంలో గీకుడు చప్పుడు తప్ప ఏమీ లేదు. "రెండోది! ఇరవై. ఇరవై సెకన్లు, చుక్క పక్కన సున్నా ఉంది. మణెమ్మా, నువ్వు పెట్టిన దీపం ఎంత ముద్దుగుందే!"

మణెమ్మకు కళ్లు నిండాయి. ఇంత జోరులో, ఇంత కష్టంలో, ఆ మనిషి దీపం అందం చూశాడు.

కస్తూరి ముఠా పుస్తకం తిప్పింది. మేస్త్రి వంకర అక్షరాలు: గూటి నుంచి గూటికి నూరు బారలు. కొలిచింది కురుమయ్య. ఆయన గాలి అంగీ కుట్టినప్పుడు తీసిన కొలతలు తెర మీదికి వచ్చాయి. చేతుల చాపు నూట అరవై రెండు సెంటీమీటర్లు.

"నూటఅరవై రెండు మీటర్లు, ఇరవై సెకన్లు. సెకనుకు ఎనిమిది పాయింటు ఒకటి." ఆమె వేళ్లు చకచకా కదిలాయి. "గట్టు నుంచి గట్టుకు వెళ్లే బొక్కెనకు మధ్యలో ఎనిమిది పాయింటు మూడు ఉండాలి. అంటే ఎక్కువేమీ పోలేదు! మిగిలిన దారిలో పోయే రాపిడి కూడా తీసేస్తే మూడు వందల నలభై మీటర్ల లోతున ఆగుతారు. బీచుపల్లీ, మూడు వందల నలభై! బాబాయ్ గారూ, ఒక్క మాట. ఆ నూరు బారలు మీ బారలేనా?"

"నావే బిడ్డా," అన్నాడు కురుమయ్య, తడుముకోకుండా. "నా బారలే."

అంగీ చేతులు తొడుక్కుంటున్న మణెమ్మ అక్కడే ఆగిపోయింది.

ఆఖరి రాయి పగిలిన రోజు ఆవిడ కళ్ల ముందు నిలిచింది. మంచు గట్టు ముఠాతో వెళ్లిన కురుమయ్యను ఆవిడ ఏడాదిగా చూడలేదు. అవతలి నుంచి సుత్తి చప్పుడు వినిపించేది, అది ఆయనదేనని గుర్తుపట్టేది. రాయి పగిలింది, దుమ్ములోంచి ఆయన వచ్చాడు, ఆవిడ రెండు చేతులూ చాపింది. ఆయన ఒక్కటే చాపాడు. కుడిది లేవలేదు. నెల కింద బండరాయికీ గోడకూ మధ్య భుజం నలిగిందట. బనీను కింద గుడ్డ కట్టుకుని, ఎవరికీ చెప్పకుండా పని చేయించాడట.

చెప్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. గుండు మీద ఎముక అతకదు. ఎముక దెబ్బ తగిలిన మనిషిని రెండేళ్లకోసారి వచ్చే ఓడలో భూమికి పంపించేస్తారు. మణెమ్మ ఒప్పందం ఇంకా ఆరేళ్లుండేది అప్పటికి. పిల్లా జెల్లా లేని వాళ్లు, ఒకరికొకరు తప్ప ఇంకెవరూ లేరు. ఏడాది ఎడబాటే ఇద్దర్నీ సగం చేసింది.

అంతలో "మేస్త్రీ, గూళ్ల దూరం కొలువు" అని దూరం నుంచి అరిచారు. కొలవాలంటే రెండు చేతులూ చాపాలి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మణెమ్మ తాడు అందుకుంది. ఆవిడ బార చాపుతూ పోయింది, పక్కన నడుస్తూ ఆయన గట్టిగా లెక్క పిలిచాడు. ఒకటి, రెండు, మూడు. దుమ్ములో ఎవరికీ మనుషులు కనపడలేదు, మేస్త్రి గొంతే వినపడింది. పుస్తకంలో ఆయన పేరే పడింది. ఆ తర్వాత మూడేళ్లు ఎడమ చేత్తో తింటూ, ఎడమ చేత్తో సుత్తి పడుతూ, "మేస్త్రికి రెండు చేతులు వాటముండాలె" అని నెట్టుకొచ్చాడు. అబద్ధం అలవాటైపోయి, ఇప్పుడు ప్రాణం పోతున్నా నోటి నుంచి అదే వస్తోంది.

ఇంకో నాలుగు నెలల్లో ఓడ వస్తుంది. ఇప్పుడు నోరు విప్పితే ఆయన అందులో వెళ్లిపోతాడు, తను మూడేళ్లు ఇక్కడే. విప్పకపోతే మూడు వందల నలభై మీటర్ల దగ్గర తను వేలాడుతూ ఉంటుంది, ఆయన ఎక్కడో కింద ఆగి, చూడకుండానే వెనక్కి వెళ్లిపోతాడు.

"అబద్ధం," అంది మణెమ్మ. "ఆ బారలు నావి."

కస్తూరి తలెత్తింది.

"ఓ మేస్త్రీ," అంది మణెమ్మ గొట్టంలో, "ఆ పొద్దు తాడు పట్టింది ఎవలు? చెప్పు."

గీకుడు చప్పుడు మధ్య ఆయన గొంతు తగ్గించాడు.

"మణెమ్మా, ఒద్దే. పంపిచ్చేస్తరు."

"పంపనీ! బతికి భూమ్మీద ఉండు, సాలు. నా కంటికి కనబడకున్నా సరే, ఉండు. చెప్పు ముందు!"

"ఆమెనే బిడ్డా," అన్నాడు కురుమయ్య. గొంతు చిన్నదైపోయింది. "లెక్క పిలిచింది నేను. కొలిచింది ఆమె. నా కుడిచెయ్యి లేవదు. మూడేండ్లాయె."

మణెమ్మ అంగీ చేతులు విదిలించుకుని, గోడకు వీపు ఆనించి, రెండు చేతులూ బార్లా చాపింది. ముడతలు పడ్డ చిన్న చేతులు అవి.

"కొలువు బిడ్డా. దబ్బున కొలువు."

కస్తూరి టేపు పట్టింది. ఈ వేలికొస నుంచి ఆ వేలికొసకు నూటయాభై. ఆమె ఒక్క క్షణం ఆ చేతుల వంక చూసి, మళ్లీ లెక్కలో పడింది. నూటయాభై మీటర్లు, ఇరవై సెకన్లు. సెకనుకు ఏడున్నర. బొక్కెన ఊపు అనుకున్నదాని కన్నా చాలా తగ్గిపోయింది.

"పదమూడు వందల మీటర్లు," అంది. "నేను మిమ్మల్ని ఆయన ఆగే చోటికి దాదాపు కిలోమీటరు పైన వేలాడదీసేదాన్ని."

"నీ తప్పేముంది, రాసిందే తప్పు." మణెమ్మ అంగీ బిగించుకుంది. "జర సూడు, నేను దిగుతున్న గనక గట్టు మీద నువ్వుండాలె. కూసోకు."

"కూర్చోను పెద్దమ్మా."

దిగడానికి పావుగంట పైనే పట్టింది. భూమ్మీద బావిలో దిగితే తాడు నడుమును కోసేది. ఇక్కడ మనిషి కన్నా తాడే బరువు. పదమూడు వందల దగ్గర బీచుపల్లి యంత్రం ఆపాడు. చుట్టూ ఆవిడ తలదీపం వెలుగులో దుమ్ము తేలుతోంది, చెయ్యి చాపితే చెయ్యి కనపడటం లేదు. చేతిలో కొక్కెం.

"ఓ," అంది.

"ఆ," అన్నాడు ఆయన. మాట నీరసంగా ఉంది. "గాలి బరువైతుంది. రొట్టె తినలే."

"తినకు. కలిసి తిందం."

"నాలుగు నిమిషాలు పెద్దమ్మా," అని కస్తూరి గొంతు. తర్వాత మూడు. రెండు.

కింద దుమ్ములో పసుపు మరక ఒకటి పుట్టింది. పెద్దదైంది. రావడం వస్తోంది గానీ, వచ్చేకొద్దీ నెమ్మదవుతోంది. అలసిన మనిషి ఆఖరి మెట్టెక్కినట్టు ఉంది ఆ రాక. ఆగేలా ఉంది, ఇంకా ముప్పై మీటర్లు కిందనే ఆగేలా ఉంది.

"ఇంకా ఒదులు బీచుపల్లీ! ముప్పై! ఒదులు!"

తాడు జారింది. గోడను కాలితో తన్ని ఆవిడ కిందికి పోయింది. బొక్కెన నెత్తి మీది ఇనుప కడెం కనిపించింది. పెట్టె నిలబడి ఉంది, ఏమాత్రం కదలకుండా, ఆవిడ కోసమే వచ్చి ఆగినట్టు. కడెం మాత్రం అవతలి పక్కన ఉంది. ఎడమ చేత్తో పెట్టె అంచు పట్టుకుని కుడిచెయ్యి చాపింది. జానెడు తక్కువైంది. పెట్టె సన్నగా కిందికి కదలడం మొదలైంది. మణెమ్మ పళ్లు బిగించి, భుజం ఊడొచ్చినా సరే అనుకుని, అంచు మీద బోర్లా పడి ఆ పెట్టెను వాటేసుకుంది. కొక్కెం కడెంలో పడింది. తాడు బిగుసుకుంది. బొక్కెన ఒక్క కుదుపుతో ఆగింది.

కిటికీ అద్దానికి ఆవల కురుమయ్య మొహం. చెమటతో, దుమ్ముతో, పిల్లాడి మొహంలా ఉంది.

"చేతులు అందినయా?" అన్నాడు.

"అందినయ్," అంది మణెమ్మ. అని అంగీలోనే వెక్కివెక్కి ఏడ్చింది. కన్నీళ్లు తుడుచుకోవడానికి దారిలేక అవి కంటి మీదే గుండ్రంగా నిలబడ్డాయి.

గట్టు మీదికి చేరేసరికి కస్తూరి నిలబడే ఉంది. తర్వాత ఆమె ముఠా పుస్తకంలో కురుమయ్య పేరు కొట్టేసి మణెమ్మ పేరు రాసింది. జరిగిందంతా పైకి రాసి పంపేటప్పుడు భుజం సంగతి దగ్గర కలం ఆపి, ఇద్దరి వంకా చూసింది.

"రాసెయ్ బిడ్డా," అంది మణెమ్మ. "దాసుకునుడు ఇగ సాలు."

నాలుగు నెలలకు ఓడ వచ్చింది. కురుమయ్య ఎక్కాడు. మెడ గుండీ పెట్టించుకోవడానికి తనంతట తానే వంగాడు.

ఓడ ప్రయాణం ఏడు నెలలు. అన్ని నెలలు నిలబడి ఉండటం ఏ గట్టుకాపు వల్లా కాదు. మణెమ్మ పనికి పోయింది, తిన్నది, పడుకుంది. సెలవు రోజుల్లో మంచు బొక్కెన వస్తుంటే గట్టు మీదికి వెళ్లి చూసేది. కొత్త బిళ్లలు వేశాక అది అరవై మూడు నిమిషాలకు తప్పకుండా వచ్చి, గట్టు దగ్గర ఒక్క క్షణం ఆగేది.

ఓడ భూమ్మీద దిగే రోజున మాత్రం రొట్టె ముట్టకుండా మాటల గదికొచ్చింది. కస్తూరి కుర్చీ జరిపింది. "కూర్చోండి పెద్దమ్మా. ఇక్కడి మాట భూమికి చేరడానికే ఇరవై నిమిషాలు. జవాబుకు ఇంకో ఇరవై."

"కూసోరాదు బిడ్డా. మనిషి ఇంకా లోపల్నే ఉన్నడు."

గొట్టం దగ్గరికి వంగి, "ఓ" అంది.

నలభై నిమిషాలు నిలబడింది. కస్తూరి కూడా కుర్చీ పక్కన పెట్టేసి ఆవిడతోపాటు నిలబడింది. గొట్టంలో గరగర వినిపించింది, వెనకాల ఎక్కడో కాకి అరుపు. గుండు మీద ఎవరూ పదేళ్లుగా వినని అరుపు అది.

"ఆ," అన్నాడు కురుమయ్య. "దిగిన. నేల మీదున్న. నాకెర్కే, నువ్వింకా నిలబడే ఉంటవు. ఇగ కూసోవే."

మణెమ్మ కూర్చుంది.